నాకు తెలియని వాసన

ఆ పొద్దు కడప రైల్వే స్టేషన్ దగ్గర నా కారెక్కింది ముగ్గురు. మొగుడూ పెళ్లాలు, వాళ్ల చిన్న కూతురు. హైదరాబాదు నుంచి వచ్చినారు. గండికోట చూసుకుని సాయంత్రం రైలుకు తిరిగి పోవాలని వాళ్ల ఆలోచన. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. వాళ్లు సామాన్లు సర్దుకునేలోపే అద్దాలు ఎక్కించి ఏసీ వేసినాను.

ఊరు దాటక ముందే వెనక సీట్లో ఆమె కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పైనున్న అద్దంలో చూసి, దుమ్మేమోలే అనుకున్నా. కిటికీలన్నీ మూసే ఉన్నాయి కదా అన్న మాట తర్వాత తట్టింది. ఎర్రగుంట్ల దగ్గర పాపకు వాంతి వస్తోందంటే రోడ్డు పక్కన ఆపినాను. మళ్లీ ఎక్కినాక ఆయన, "ఏసీ కాసేపు ఆపుతారా?" అన్నాడు. ఆపి అద్దాలు దించితే వేడిగాలి, సిమెంటు లారీల దుమ్ము. కొంచెం సేపటికి ఆయనే వేయమన్నాడు. మళ్లీ ఆయనే ఆపమన్నాడు.

జమ్మలమడుగులో టీ తాగుదామని దిగినారు. ఆయన కాసేపు అవతల నిలబడి ఫోన్లో మాట్లాడి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పినాడు. "మేం ఇక్కడి నుంచి వేరే బండిలో పోతామండీ. ఏమీ అనుకోవద్దు."

"ఏమైంది సార్? నేను తోలేది బాగలేదా?"

"అదేం కాదు. బండిలో ఆ వాసన... మీకు అలవాటైపోయి తెలియట్లేదేమో. పాప తట్టుకోలేకపోతోంది."

నేను తల ఊపినాను. ఏం వాసన అని అడిగితే నా సంగతి బయట పడుతుందని నోరు మూసుకున్నా.

నా సంగతి ఏమిటంటే, నాకు వాసనలు తెలీవు. రెండోసారి కరోనా వచ్చిన ఏడు నాకూ వచ్చింది. జ్వరం పోయింది, దగ్గు పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. మా వీధిలో ఇంకా కొందరికి ఇట్లే పోయి నెలా రెండు నెలల్లో వచ్చేసింది. నాకూ వస్తుందిలే అని చూస్తా చూస్తా ఏండ్లు గడిచిపోయినాయి. మల్లెపూలూ ఒకటే, మురిక్కాలవా ఒకటే. ఈ మాట మా ఇంటామెకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బాడుగకు కారు తోలేవానికి పెట్రోలు కారినా, వైరు కాలినా తెలీదంటే ఎవరెక్కుతారు?

ఆ పొద్దు ఖాళీ బండితో కడపకు తిరిగొస్తా, ముద్దనూరు దాటినాక ఒక చెట్టు కింద ఆపినాను. ఏసీ నిండా పెట్టి, గాలి వచ్చే సందుకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చినాను. చల్లగా తగిలింది. అంతే. ఆ చల్లదనంలో ఏముందో నాకు తెలీదు. మెత్తటి గాలి, ఎప్పటి మాదిరే. దానికే నాకు భయమేసింది. ఎన్ని దినాల నుంచి ఇట్లుందో, ఎంతమంది ముక్కు మూసుకుని మర్యాదకు ఊరుకున్నారో.

ఇంటికి పోతూనే మా ఇంటామెను పిలిచి కార్లో కూర్చోమన్నా. ఎందుకని ఆమె అడగలేదు. నా మొగం చూసినట్టుంది. ఆమె ఎక్కి తలుపు వేసుకున్నాక ఏసీ వేసి, నేను ఆమె మొగాన్నే చూస్తా కూర్చున్నా. ఆమె కండ్లు ఒక్కసారి చిన్నవైనాయి, మళ్లీ మామూలుగా అయినాయి.

"ఉండాదా?" అన్నా.

"ఉండాది."

"ఎట్లుండాది?"

ఆమె ఆలోచించింది. "వానకు తడిసిన గోనెసంచి మూలన పడేసి మర్చిపోతాం చూడు, అట్ల."

"చచ్చిన ఎలుక మాదిరా?"

"అట్ల కాదులే. కొంచెమే."

కొంచెమే అయితే ఆ పాపకు వాంతి ఎందుకొస్తుంది? నేను నొచ్చుకుంటానని ఆమె తగ్గించి చెప్తాందని నాకు తెలుసు. ఎంత తగ్గించిందో మాత్రం తెలీదు.

అప్పుడు గుర్తొచ్చింది టీచరమ్మ. మా వెనక వీధిలో ఉంటారు, రిటైరైనారు. ఆమెకు ఆయాసం. కర్నూల్లో ఒక ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి నెలనెలా నా కార్లోనే పోయి వస్తారు. పోయినసారి పోయినప్పుడు దారి పొడుగునా దగ్గుతానే ఉన్నారు. ఆళ్లగడ్డ దగ్గర రెండుసార్లు ఆపినాను. ఆమె మందు పీల్చుకుంటా ఉంటే, రోడ్డు పనుల దుమ్మని తిట్టుకుంటా నేను ఏసీ ఇంకొంచెం పెంచినాను. ఈ నెల ఆమె ఇంకా ఫోన్ చేయలేదు. పోయే తేదీ దగ్గర పడింది.

ఆ మాట మా ఇంటామెతో అన్నా. "టీచరమ్మకు పోయి చెప్పు" అనింది.

"ముందు బాగు చేయిస్తా. బాగు చేయించి చెప్తా."

కానీ ఆ పొద్దు బాగు చేయించలేదు. సాంబ్రాణి తెచ్చి బండిలో పొగ వేసినాను. సెంటు బిళ్లలు తెచ్చి ముందొకటి, వెనకొకటి తగిలించి, సరిపోతుందో లేదోనని ఇంకొకటి సీటు కింద పెట్టినాను. మరుసటి దినం ప్రొద్దుటూరు బాడుగ వచ్చింది. బాడుగకు పిలిచిన బంగారు అంగడి ఆయన ఎక్కీ ఎక్కకముందే కండ్లు తుడుచుకుని, "ఏమప్పా, పెండ్లి చేసుకుంటాండావా ఏమి?" అన్నాడు. నవ్వుతా అన్నాడు, కానీ పోయినంత దూరం అద్దం దించుకునే కూర్చున్నాడు. తెలీని చేత్తో ఉప్పు వేసినట్టయింది నా పని. ఎంత వేయాలో చెప్పేది ముక్కే కదా.

ఇంక ఆగలేక, కార్ల ఏసీలు బాగు చేసే భాయ్ దగ్గరికి తీసుకుపోయినాను. ఆయనది రాయచోటి రోడ్డులో రేకుల షెడ్డు. ఎడమ పక్క డ్యాష్‌బోర్డు కింది పెట్టె ఊడదీసి, లోపలి ఫిల్టరు లాగినాడు. తెల్లగా ఉండాల్సింది మట్టిరంగులో ఉంది. దాని మడతల్లో వేపాకు ఈనెలు, పురుగుల రెక్కలు, ఏదో పిట్ట ఈక. తర్వాత కాలి కింది మ్యాటు ఎత్తి, దాని కింద ఉన్న ఉన్ని పట్టాను వేలితో నొక్కినాడు. నీళ్లు పైకొచ్చినాయి.

"ఏసీ నీళ్లు కింద రోడ్డు మీద కారతాండాయా అన్నా?" అనడిగినాడు.

ఆలోచిస్తే, ఈ మధ్య బండి కింద తడి చూసిన గుర్తు లేదు. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆయన బండి కిందికి దూరి, నీళ్లు పోయే సన్న పైపును ఊడబెరికి, లోపలికి తీగ పొడిచినాడు. ఎండిపోయిన మన్ను రాలింది. కందిరీగ గూడు కట్టుకుంది దాంట్లో. ఏసీ లోపల ఊరిన నీళ్లు పోయే దారి లేక, అక్కడే నిలిచి, బండి లోపలికి దిగి, పట్టాను నానబెట్టినాయన్న మాట. చల్లబరిచే జాలీకి బూజు పట్టింది. దాని మీద నుంచి వచ్చే గాలే నేను అందరి మొగాలకూ కొట్టించింది.

భాయ్ ఫిల్టరు తీసిన సందులో నుంచి నురగ మందు కొట్టి కాసేపు అట్లే వదిలేసినాడు. తర్వాత మంచినీళ్లు పట్టించినాడు. కింద పెట్టిన బకెట్లోకి నీళ్లు దిగినాయి. ముందు నల్లగా, జిగటగా, వెంట్రుకల మాదిరి పోగులతో. తర్వాత టీ రంగు. ఆ తర్వాత తేట. నేను ఆ బకెట్ పక్కనే గొంతుక్కూర్చున్నా. టీచరమ్మ ఆయాసం మందు డబ్బా నోటికి పెట్టుకుని కండ్లు మూసుకోవడమే కనపడతా ఉంది నాకు.

కొత్త ఫిల్టరు పెట్టి, ఏసీ వేసి, భాయ్ ముక్కు పెట్టి చూసినాడు. "ఏమీ ల్యాదన్నా. ఆ పట్టా ఎండలో ఆరబెట్టు. ఫ్యాను బాగా తిప్పి లోపల ఆరనీ."

నేను నమ్మలేకపోయినా. పొద్దస్తమానం డీజిలు, గ్రీజుల నడుమ ఉండే మనిషి, ఆయన ముక్కు మాత్రం ఎంతవరకు సరిగ్గా చెప్తుంది? ఇంకోసారి చూడమని అడిగినాను. ఆయన నవ్వి, "నీకే తెలుస్తది కదా" అన్నాడు. నేను డబ్బులిచ్చి బండెక్కినాను.

ఇంటికి వచ్చి పట్టాను మిద్దె మీద పరిచినాను. కారు వాకిట్లో నీడకు పెట్టి, తలుపులు తీసి, ఫ్యాను నిండా పెట్టి, లోపలే కూర్చున్నా. గాలి వస్తా ఉంది. కొంచెం మనసు నెమ్మదించింది. మళ్లీ ఏమైందో, ఆ మందు గాటు మిగిలిపోయిందేమో, అది టీచరమ్మకు ఇంకా చెరుపేమో అని ఒక ఆలోచన. అట్ల కూర్చున్నప్పుడే మా ఇంటామె మజ్జిగ తీసుకుని బయటికొచ్చింది.

ఆమె గడప దాటి నిలబడిపోయింది. "ఆపు" అనింది.

"ఏమైంది?"

"బండి ఆపు. కాలిపోతాండాది యాడో."

నాకేమీ కనపడలేదు. పొగ లేదు. ఫ్యాను తిరుగుతానే ఉంది. ఆమె గ్లాసు అరుగు మీద పెట్టి గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. అప్పుడు తాళం తిప్పి దిగినాను. దిగినాక చూస్తే ఎడమ పక్క పెట్టె కింది నుంచి సన్నగా, ఊదొత్తి పొగ మాదిరి, ఒక పోగు లేస్తా ఉంది. బానెట్ ఎత్తినాను. స్పానరు ఆమే వెతికి నా చేతిలో పెట్టింది. బ్యాటరీ వైరు ఊడదీసినాను.

పొగ ఆగిపోయింది. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఆమె మజ్జిగ తాగమంది. గ్లాసు ఆమెకే ఇచ్చేసినాను. ఇంతసేపూ నేను బండిలో దాని పక్కనే కూర్చుని ఉన్నాను. అంత దగ్గర. ఇదే నంద్యాల రోడ్డు మీదైతే, అద్దాలు మూసుకుని, వెనక సీట్లో టీచరమ్మ దగ్గుతా ఉంటే, నేను దుమ్మనుకుని పోతానే ఉండేవాణ్ణి.

భాయ్‌కి ఫోన్ చేస్తే పని వదిలేసి బైకు మీద వచ్చినాడు. పెట్టె ఊడదీస్తే ఫ్యాను మోటారుకు కరెంటు పోయే వైర్ల జాయింటు సగం కరిగి నల్లబడింది. శానా దినాల నుంచి నీళ్లు దిగి తుప్పు పట్టింది. పొద్దున నీళ్లు కొట్టినప్పుడు మళ్లీ తడిసింది. "జాయింటు కూడా విప్పి చూడాల్సింది, చూడలేదన్నా" అని ఆయన తనను తానే తిట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "కాలిన వాసన ఇంత గట్టిగా వస్తాంటే నువ్వు లోపలే యాల కూర్చున్నావు?" అన్నాడు.

అప్పుడు చెప్పినాను. మా ఇంటామె తర్వాత ఆ మాట నేను మొదట చెప్పింది ఆయనకే. ఆయన "మా చిన్నాయనకూ అంతే" అని మాత్రం అని, జాయింటు కోసి కొత్తది వేయడానికి వంగినాడు. ఈసారి పైపు దగ్గర నుంచి ఫ్యాను దాకా అంతా తుడిచి, ఆరబెట్టి, శానాసేపు ఫ్యాను తిప్పి, చేత్తో వైర్లు పట్టుకుని వేడెక్కుతున్నాయా లేదా చూసి మరీ పోయినాడు.

మరుసటి దినం టీచరమ్మ ఇంటికి పోయినాను. ఆమె వరండాలో పేపరు చదువుకుంటా ఉన్నారు. నేను నిలబడే అంతా చెప్పినాను. బూజు సంగతి, వైరు సంగతి, నా ముక్కు సంగతి. పోయిన నెల మీ దగ్గు నా బండి వల్లనేమో అని కూడా అన్నాను.

ఆమె పేపరు మడిచి పక్కన పెట్టినారు. "వాసన నాకూ తెలిసింది నాయనా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. దగ్గుకేముంది, నాది ఇంట్లో కూర్చున్నా వచ్చే దగ్గే."

"దాని వల్ల ఎక్కువైందేమో కదా టీచరమ్మా."

"అయిండొచ్చు. కాకపోయిండొచ్చు. ఎట్ల చెప్పగలం?"

ఆ మాట నాకు ఊరటగా లేదు. అబద్ధం చెప్పి ఊరడించలేదు, అదొక్కటి నచ్చింది. ఈ నెల వేరే కారు మాట్లాడుకున్నారేమోనని భయపడతానే అడిగినాను. లేదన్నారు. "శుక్రవారం పోదాం. అయితే మీ ఇంటామెను కూడా తీసుకురా" అన్నారు.

శుక్రవారం మా ఇంటామె నా పక్క సీట్లో కూర్చుంది, టీచరమ్మ వెనక. మైదుకూరు దాకా నేను రోడ్డు సగం, వాళ్ల మొగాలు సగం చూస్తా తోలినాను. వెనక ఒకసారి దగ్గు వినపడితే చెయ్యి తనంతట తానే ఏసీ మీదికి పోయింది. "ఉట్టి దగ్గే, నువ్వు తోలు" అన్నారు టీచరమ్మ. చాగలమర్రి దాటినాక ఆమె సీటుకు ఆనుకుని నిద్రపోయినారు. ఆ నిద్ర చూసి కూడా నాకు దిగులే. ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని మా ఇంటామెను వెనక్కి తిరిగి చూడమన్నా. ఆమె చూసి, బాగుండాది అన్నట్టు తల ఊపింది.

డాక్టరు ఆమె ఛాతీ విని, పోయినసారి కంటే మేలని అన్నాడంట. బండి బాగైనందుకా, ఆయన మార్చిన మందుకా, నాకు తెలీదు. అడగలేదు కూడా.

ఇప్పుడు బాడుగ వచ్చినోళ్లు ఎక్కుతూనే చెప్పేస్తాను. నాకు వాసన తెలీదు, ఏదన్నా తేడాగా అనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి అని. ఇద్దరు ముగ్గురు దిగిపోయినారు. మిగిలినోళ్లు ఎక్కినారు.

ఆ శుక్రవారం తిరిగొచ్చేటప్పుడు, నంద్యాల దాటి కొంత దూరం వచ్చినాక, మా ఇంటామె ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చింది. నేను బ్రేకు మీద కాలు వేసినాను.

"ఏం వాసన?"

"యాడ ఆపుతాండావు? చేలో మిరపకాయలు ఆరబోసినారు, అవతల చూడు."

చూసినాను. రోడ్డు పక్క పొలం పొడుగునా ఎర్రగా పరిచి ఉన్నాయి. వెనక టీచరమ్మ తుమ్మి, కొంగుతో మొగం తుడుచుకుని నవ్వినారు. మా ఇంటామె చెయ్యి చాపి, బయటి గాలి లోపలికి రాకుండా ఏసీ మీట జరిపింది.

"ఇప్పుడు?" అన్నా.

"ఇప్పుడేం ల్యాదు. రోడ్డు చూసి తోలు."