ముగ్గుపిండి మీద తడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పాత ట్రాక్టరు ఉండేది. పెట్రోలుతో మొదలై, ఇంజను వేడెక్కాక కిరోసిన్‌తో నడిచే రకం. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు వరసగా లేచిన కిష్టారెడ్డిపేట వైపు అప్పట్లో అన్నీ జొన్న చేలే. మా తాతయ్య ఆ బండిని ఎవరో వాడి వదిలేస్తే కొన్నాడు. దాన్ని నడిపే మనిషిని మేం పిల్లలం డ్రైవరన్న అనేవాళ్లం.

ఆ ఏడు తొలకరి పడి, నేల దున్నకానికి సరిగ్గా ఉన్న పొద్దున, ట్రాక్టరు కార్బురేటరు కారడం మొదలైంది. కిరోసిన్, గాలి కలిసి ఇంజనులోకి వెళ్లేది దాంట్లోంచే. దాని అడుగు బోల్టు నుంచి చుక్కలు టపటపా రాలుతున్నాయి. ముందురోజు ఆ బోల్టు బిగించింది డ్రైవరన్న. తాతయ్యకు ఆ ఒక్క సంగతి చాలింది.

"తిప్పి తిప్పి మర పాడు చేసిండు వీడు. ఇగ రేపటి సంది పనికి రావద్దు" అని అందరి ముందూ అనేశాడు.

డ్రైవరన్న తల వంచుకునే అన్నాడు. "బిగిచ్చిన అయ్యా, కాదంటలేను. కారుతున్నదనే బిగిచ్చిన." ఆ మాట ఎవరికీ చెవికెక్కలేదు.

మా మేనత్త ఆ వారం పుట్టింటికి వచ్చి ఉంది. ఆమె అత్తవారికి సంగారెడ్డిలో లారీల షెడ్డు ఉండేది. మామయ్య పక్కన కూర్చుని బోల్టులు తిప్పే పానాలు అందిస్తూ అందిస్తూ ఆమె కూడా ఇంజన్లు విప్పడం నేర్చుకుంది. చీర చెంగు నడుముకు దోపుకుని బయటికి వచ్చి, "నాయినా, జెర ఆగు. ముందుగాల సూద్దాం" అంది. తాతయ్య పక్కకు జరిగాడు. కూతురి మాటను ఆయన తీసేయలేడు.

అత్తమ్మ ముందు ట్యాంకు కింది నల్లా కట్టేసింది. పాత బట్టతో కార్బురేటరును ఎక్కడా తడి లేకుండా తుడిచింది. తర్వాత ఇంట్లోంచి ముగ్గుపిండి తెమ్మని నన్ను పంపింది. తెచ్చాను. దాన్ని చేత్తో పలచగా కార్బురేటరు అంతటా అద్దింది. నల్లటి ఇనుము తెల్లబడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ట్రాక్టరుకు బొట్టు కూడా పెట్టమని ఎవరో అన్నారు.

ఆమె నవ్వులు పట్టించుకోకుండా నన్ను దగ్గరికి లాక్కుంది. "నీ కండ్లు మంచిగున్నయి బిడ్డా. నేను నల్లా ఇప్పుత. పిండి మొదాలు ఏడ తడుస్తదో సూసి చెప్పు. నువ్వు అనుకున్నది చెప్పకు. సూసిందే చెప్పు."

అనుకున్నదంటే, నేనూ బోల్టనే అనుకున్నాను. అందరి చూపులూ దాని మీదే ఉన్నాయి. నల్లా తిరిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పైన, మూత అంచు కింద, పిండి మీద గోధుమరంగు మరక ఒకటి మెల్లగా విచ్చుకుంది. అక్కడి నుంచి సన్నని గీతలా పక్కగా జారి, చివరికి బోల్టు దగ్గరికి చేరి చుక్క కట్టింది.

"ఏడ?" అన్నాడు తాతయ్య, నా వైపు వంగి.

"పైన తాతా. మూత కాడ. బోల్టు కాడికి తర్వాత వచ్చింది."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని తనూ చూశాడు. చాలాసేపు చూశాడు.

అత్తమ్మ మూత విప్పి, లోపల కిరోసిన్‌లో తేలే చిన్న ఇత్తడి బుడ్డిని బయటికి తీసింది. అది తేలుతూ పైకి లేస్తే కిరోసిన్ వచ్చే దారి మూసుకుంటుంది. చెవి దగ్గర పెట్టి ఊపమని నాకిచ్చింది. లోపల గలగలమంది. వేడినీళ్లలో ముంచితే అతుకు దగ్గర నుంచి సన్నని బుడగలు వచ్చాయి. కంటికి కనపడని చిల్లి అది. బుడ్డిలోకి కిరోసిన్ దూరి, బరువెక్కి మునిగిపోతోంది. దారి మూసుకోక కిరోసిన్ పైదాకా నిండి పొర్లుతోంది. ఇందులో బోల్టు తప్పూ లేదు, దాన్ని బిగించిన చేతి తప్పూ లేదు.

లోపలి కిరోసిన్ అంతా కార్చి, ఆరబెట్టి, ఆ బుడ్డిని డ్రైవరన్న చేతికే ఇచ్చి పటాన్‌చెరులో గిన్నెలకు మాట్లు వేసే ఆయన దగ్గరికి పంపింది. "పల్చగ పెట్టమను. మాటు బరువైతే మళ్ల మునుగుతది" అని వెనక నుంచి కేకేసి చెప్పింది.

మధ్యాహ్నానికి ట్రాక్టరు చేలో ఉంది. తాతయ్య గట్టు మీద నిలబడి, సాలు తిరిగి వచ్చిన డ్రైవరన్నను ఆపాడు. తప్పయిందని ఆయన నోటితో అనలేదు. "పొద్దటి సంది ఏం తినలే నువ్వు. దిగు, తిందువు" అన్నాడు. ఇద్దరూ ఒకే సద్ది విప్పుకుని తిన్నారు.

పెద్దయ్యాక నేను పటాన్‌చెరులో మోటారు పంపులు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ పనిలో చేరి, అక్కడే రిటైరయ్యాను. పాడైన పంపు తిరిగొచ్చినప్పుడల్లా, అది ఎవరి షిఫ్టులో తయారైందో, ఎవరి చేయి పడిందో నేను వెళ్లేసరికే అందరూ తేల్చేసి ఉండేవాళ్లు. నేను విని, పంపు తుడిచి, చూడటం మొదలుపెట్టేదాన్ని. చాలాసార్లు వాళ్లు చెప్పిందే నిజమయ్యేది. కొన్నిసార్లు కాలేదు. ఆ కొన్నిసార్లలో పక్కన తల వంచుకుని నిలబడ్డ మనిషి తల ఎత్తడం చూశాను. ఇప్పటికీ ఎవరి మీదైనా ఒక మాట నా నోటిదాకా వస్తే, ఇది నేను చూసిందా, అనుకున్నదా అని నన్ను నేను అడుగుతాను. అనుకున్నదే అయితే, ఆ మాట నాలోనే ఆగిపోతుంది.