ఉప్పు సరిపోయిందా?

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయం ఒకటి ఉండేది. దాన్ని పైకి అనే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండేది కాదు. అదేమిటంటే, మా నాయనమ్మ వంటలో ఉప్పెక్కువ. ఇంత చిన్న సంగతికి ఇంత ఉపోద్ఘాతం ఎందుకని మీరు నవ్వుకోవచ్చు. ఆ పప్పు తిన్నవాళ్లెవరూ నవ్వరు.

అప్పుడు మేం యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవారు. తాతయ్య పోయాక నాయనమ్మ కోస్తాలోని మా ఊరు వదిలి వచ్చి, దిగిన రోజే వంటిల్లు చేతిలోకి తీసుకుంది. అమ్మ కూరలు తరిగి ఇవ్వాలి, పిండి రుబ్బి పెట్టాలి, పొయ్యి దగ్గరికి మాత్రం పోకూడదు. నాయనమ్మ తెల్లారేసరికి స్నానం చేసి, మడి కట్టుకుని వండేది. దేవుడికి నైవేద్యం పెట్టేదాకా వండినదేదీ రుచి చూడకూడదు. "ఉప్పు సంగతి నాలుకకి కాదే, చేతికి తెలుస్తుంది" అనేది నాతో. మొదట్లో ఆ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు, అది ఒప్పుకోవాలి. తార్నాక నుంచి, మెట్టుగూడ నుంచి నాన్న స్నేహితులు ఆదివారం పూట ఏదో వంక పెట్టుకుని సరిగ్గా భోజనాల వేళకే వచ్చేవాళ్లు. ఆవిడ చేసిన గుత్తివంకాయ తిని లొట్టలేసుకుంటూ వెళ్లేవాళ్లు.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, నాయనమ్మకి తిండి చప్పగా అనిపించసాగింది. ఆవిడ అందరి తర్వాత కూర్చుని తినేది. రెండు ముద్దలు తిని మొహం చిట్లించేది. మర్నాడు ఇంకాస్త ఉప్పు పడేది. అయినా ఆవిడకి చప్పనే. తప్పు ఎవరిదో తేలాలి కదా, ముందు ఉప్పు మీద పడింది. ఈ ఊరి ఉప్పులో పస లేదంది. నాన్న తార్నాకలో కొట్టు మార్చారు. ఆ కొట్టువాడు సున్నం కలుపుతున్నాడంది. తర్వాత నీళ్లని తిట్టింది, చింతపండుని తిట్టింది, ఆఖరికి అమ్మ పప్పు సరిగ్గా కడగడం లేదంది. పప్పు కడగడానికీ ఉప్పుకీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. అమ్మ పప్పు ఇంకో రెండుసార్లు కడిగి ఇచ్చింది.

ఎవరి ఉపాయం వాళ్లం చూసుకున్నాం. అమ్మ నా కంచంలో అన్నం ఎక్కువ పెట్టి కూర తక్కువ వేసేది. నేను చెంబెడు నీళ్లు పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. స్నేహితులు మెల్లగా రావడం మానేశారు. ఈ ఊళ్లో మనుషులకి ఆపేక్షలు లేవని నాయనమ్మ తీర్మానించింది. అందరిలోకీ నాన్న సంగతే విచిత్రం. లాబ్‌లో పిల్లల చేత లవణాల పరీక్షలు చేయించే మనిషి, ఇంట్లో ఆ పప్పు గుటుక్కున మింగి "బాగుందమ్మా" అనేవారు.

అలా ఎంతకాలం నడిచేదో గానీ, నాన్నకి బీపీ వచ్చింది. ఉప్పు తగ్గించకపోతే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాన్న ఇంటికొచ్చి ఆ మాటని ఎంత మెత్తగా చెప్పవచ్చో అంత మెత్తగా చెప్పారు. నాయనమ్మ తెల్లబోయింది. "నేను వేసేదే చిటికెడు కదరా, అందులో తగ్గించేదేముంది?" అంది.

ఆ రోజు గదిలో అమ్మా నాన్నా మాట్లాడుకోవడం నేను విన్నాను. ఉన్నమాట ఆవిడకి చెప్పెయ్యమంది అమ్మ. ఆవిడకి మిగిలింది ఆ వంటిల్లొక్కటే, అది కూడా చేతకావడం లేదంటే మనిషి దక్కదన్నారు నాన్న. "మరి మీరు దక్కద్దా?" అంది అమ్మ. ఆ రాత్రి కూడా నాన్న అదే పప్పు తిని "బాగుందమ్మా" అన్నారు.

కొద్దిరోజులకే నాన్న లాబ్ నుంచి నడిచి వస్తూ, కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూలబడిపోయారు. విద్యార్థులెవరో చూసి రిక్షాలో ఎక్కించుకుని తీసుకొచ్చారు. డాక్టరు వచ్చి మందిచ్చి, మళ్లీ అదే చెప్పి వెళ్లాడు. నాయనమ్మ ఎండదెబ్బ అంది, దిష్టి తీసింది. ఒంట్లో బాగాలేని మనిషని ప్రత్యేకంగా చారు పెట్టింది. అందులోనూ అంతే ఉప్పు.

ఆ పూట పక్కింటి అక్క నాన్నని చూడ్డానికి వచ్చింది. ఆమెది నల్గొండ వైపు పల్లె. పక్క క్వార్టర్లో అన్నావదినల దగ్గర ఉండి, నాన్న దగ్గరే ఎమ్మెస్సీ చదివేది. వచ్చిన మనిషిని తినకుండా పంపడం నాయనమ్మ ఎరగదు కాబట్టి నాన్నతో పాటు కూర్చోబెట్టి వడ్డించింది. అక్క ఒక ముద్ద తింది. నాన్న కంచం వైపు చూసింది. చెయ్యి ఆపేసింది.

"నాయినమ్మా, ఏమనుకోకు. చారుల ఉప్పు శాన ఎక్కువున్నది. సారుకు రోజూ గిట్లనే పెడితె పానం మీదికొస్తది" అంది.

నాయనమ్మ మొహం జేవురించింది. "నువ్వు పుట్టకముందు నుంచి వండుతున్నానే నేను! నాకు ఉప్పు నేర్పుతావా?" అని, అమ్మ వైపు తిరిగి, "ఇదంతా నువ్వే నూరిపోసి ఉంటావు" అంది. అక్క చెయ్యి కడుక్కుని, "కోపమొస్తె రానీ నాయినమ్మా, గని జర జూస్కో" అని వెళ్లిపోయింది. నాన్న తల వంచుకుని ఆ చారన్నం మొత్తం తినేశారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు నాయనమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడ బదులు గిన్నెలు మాట్లాడాయి. మధ్యాహ్నం అమ్మా నాన్నా పడుకున్నాక నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. మూడు గ్లాసుల్లో మజ్జిగ పోయించింది. ఒకదాంట్లో ఉప్పు వెయ్యొద్దంది. ఇంకోదాంట్లో చిటికెడు వెయ్యమంది. మూడోదాంట్లోకి, గ్లాసు మజ్జిగకి తను రోజూ వేసేంత ఉప్పు తన చేత్తోనే తీసి నా చేతిలో పోసింది. "నేను కళ్లు మూసుకుంటాను. నువ్వు కలిపి, అటూ ఇటూ మార్చి పెట్టు. నా మీద ఒట్టు, నాకు చెప్పావంటే" అంది.

ఒక్కో గ్లాసూ ఎత్తి తాగింది. మొదటి రెండూ ఒకటేనంది, రెండిట్లోనూ ఉప్పు లేదంది. మూడోది తాగగానే ఆవిడ మొహం విప్పారింది. "ఇదిగో, ఇదీ మజ్జిగంటే! చిటికెడు వేసింది ఇందులోనే కదూ?" అంది. కళ్లు తెరిచి, ఆ గ్లాసు నా వైపు జరిపి, "ఏదీ, నువ్వు తాగు" అంది.

నోటినిండా పోసుకున్నాను. మింగడం నా వల్ల కాలేదు. తూము దగ్గరికి పరిగెత్తి ఊసేశాను. వెనక్కి తిరిగితే నాయనమ్మ నన్నే చూస్తోంది. "అంత ఉందా?" అంది, ఎన్నడూ వినని చిన్న గొంతుతో. కొంచెమే నాయనమ్మా అనాలని ఎంతగా అనిపించిందో! కానీ నాన్న గుర్తొచ్చారు. అవునని తలూపాను. ఆవిడ పీట మీద కూర్చుని, తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

సాయంత్రం నాన్న లేవగానే ఎదురుగా వెళ్లి నిలబడింది. "ఒరే, నా వంటలో ఉప్పెక్కువవుతోందిట్రా?"

"అబ్బే, అదేం లేదమ్మా, ఆ అమ్మాయేదో..."

"నోర్ముయ్!" అంది. ఆవిడ నాన్నని అంత మాట అనడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. "నేనంటే నాలుక చచ్చినదాన్ని. నువ్వు తెలిసీ తిన్నావే! బాగుందమ్మా, బాగుందమ్మా అంటూ, నా చేత్తోనే నీకు విషం పెట్టించావు కదరా!"

మంచం మీద కూలబడి ఏడ్చేసింది. నాన్న ఆవిడ చేతులు పట్టుకుని తనూ ఏడ్చారు. కాసేపటికి కళ్లు తుడుచుకుని అమ్మతో అంది, "నాకూ బొత్తిగా తెలీలేదనడానికి లేదే అమ్మాయ్. అన్నం దగ్గర మీరంతా చెంబులకి చెంబులు నీళ్లు తాగుతుంటే చూశాను. ఎండలు కదా అనుకున్నాను. అలా అనుకుంటే హాయిగా ఉండేది."

మర్నాడు పక్కింటి అక్కని గోడ మీంచి తనే కేకేసి పిలిచింది. అక్క చూస్తుండగా ఉప్పు జాడీ అమ్మ చేతికిచ్చి, ఇక మీదట ఉప్పు నీదే అంది. అక్క నవ్వి, "ఉప్పు ఒక్కటే ఇచ్చినవ్ గద నాయినమ్మా, గరిటె నీ చేతులనే ఉండాలె" అంది. అలాగే ఉంది. అమ్మ కూడా మడి కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడేది, నాయనమ్మ చెప్పినప్పుడు ఉప్పు వేసేది. నాన్న బీపీ అదుపులోకి వచ్చింది. ఆయన చాలాకాలం బతికారు, నా పిల్లల పెళ్లిళ్లు కూడా చూశారు.

నాయనమ్మ మాత్రం ఆ తర్వాత తిన్న ప్రతి పూటా చప్పటి తిండే తింది. ఆవిడ నాలుకకి అది గడ్డితో సమానం. ఒకసారి నేను జాలిపడి, నీ కంచం వరకు కాస్త ఉప్పు వెయ్యనా అని అడిగాను. "వద్దే. ఇది సరిగ్గానే ఉందని మీరంతా చెబుతున్నారుగా. ఉప్పు వేసుకున్నానంటే మళ్లీ నా నాలుక మాటే నిజమనిపిస్తుంది" అంది. అని, ముద్ద కలుపుకుంది.

ఇప్పుడు నాకు ఇంచుమించు ఆవిడ వయసు. నేనేం మహాత్మురాలిని కాను, నన్నెవరైనా ఒక మాటంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అలా మండినప్పుడల్లా ఒక పూట ఆగి, ఆ మాట నిజమేమో చూసుకోవడం మాత్రం నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. మొన్న మా కోడలు, మీరు ఎవరినీ మాట పూర్తి చెయ్యనివ్వరత్తయ్యా అంది. భలేదానివే, నేనా, అని విసురుగా లేచి వెళ్లిపోయాను. మర్నాడు టీ దగ్గర ఆమె తన ఆఫీసులో ఏదో గొడవ గురించి చెబుతుంటే, నోటికి తాళం వేసుకుని కూర్చున్నాను. చెప్పొద్దూ, ప్రాణం మీదికొచ్చింది. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిన మాట మింగానో నాకే తెలుసు. ఆమె చెప్పడం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోయింది. ఆ పిల్లకి చెప్పుకోవడానికి అంత ఉందని ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలీనే తెలీదు.