హైవే ఎక్కితే కాగే ఈరప్ప జీపు

మా తమ్ముడు ఈరప్పకు మనుషులతో కంటే జీపుతో మాటలెక్కువ. పొద్దున్నే బానెట్ మీద చెయ్యి వేసి "లెయ్యప్పా, లెయ్" అంటాడు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంటుంది. "రాత్రి నిద్ర సాల్లేదా?" అని మళ్ళీ తాళం తిప్పుతాడు. భార్య పోయిన తర్వాత మా ఇంట్లోనే తింటున్నాడు. కూర ఎట్లా ఉందో ఇంతవరకు ఒక్కనాడు చెప్పిన పాపాన పోలేదు. జీపు కింద నూనె చుక్క కనిపిస్తే మాత్రం అన్నం ముందు నుంచి లేచి పోతాడు.

పామిడి చుట్టుపక్కల పల్లెల్లో ఆ జీపు తెలియనివాళ్ళు లేరు. శెనక్కాయ మూటలు, కలుపుకు పోయే కూలీలు, జాతరకు పోయే మేకపోతులు, కాన్పుకు పోయే ఆడవాళ్ళు, అందరూ అందులోనే. మేకపోతు ఎక్కబోయే రోజు సీట్లు తుడుస్తాడు గానీ మనుషులెక్కే రోజు తుడవడు. ఎందుకురా అంటే, "మనుషులైతే వాళ్ళే తుడుసుకోని కూకుంటారు గదక్కా" అంటాడు. ఇట్లాంటివాడితో ఏం వాదిస్తాం?

పోయిన ఎండాకాలం పొలాల దారిలో, రేడియేటర్ అడుగు నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపు పగిలింది. ఈరప్ప ఎవరినీ పిలవలేదు. పక్క చేనిలో బోరు దగ్గర పడి ఉన్న పైపులో జానెడు ముక్క అడిగి కోసుకున్నాడు. రెండు కొసలా క్లిప్పులు బిగించి, బిందెడు నీళ్ళు పోసి, ఇంటికి తోలుకొచ్చాడు. పామిడిలో మెకానిక్ రామదాసు కూడా చూసి, "బలే అతికించినావన్నా" అని మెచ్చుకున్నాడు. ఆ ముక్కతోనే శెనక్కాయ కాలమంతా చేల దారుల్లో తిరిగాడు. జీపు ఒక్కసారి కూడా కాగలేదు.

ఆ తర్వాత సువార్తకు జబ్బు చేసింది. మా వీధి చివర, చర్చి పక్కన ఉంటుంది. రెండు కిడ్నీలూ చెడిపోయాయని, వారానికి రెండుసార్లు అనంతపురం ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలని చెప్పారు. బస్సులో నిలబడే ఓపిక ఆమెకు లేదు. "నేనుండా గదమ్మా" అన్నాడు ఈరప్ప. తోడుకు నన్నూ ఎక్కించుకున్నాడు. అసలు కథ అక్కడ మొదలైంది.

ఊరి దారిలో జీపు చల్లగానే వచ్చింది. హైవే ఎక్కి లారీల వెంట పరుగు పెట్టగానే వేడి చూపించే ముల్లు లేచింది. ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సున వచ్చింది. పక్కకు ఆపి, మెల్లగా పోతే ముల్లు దిగింది. మళ్ళీ వేగం పెంచితే మళ్ళీ లేచింది. ఎద్దుబండిలా పోతే మంచిది, మోటారు బండిలా పోతే పొయ్యి. ఆసుపత్రికి చేరేసరికి సువార్త వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. కాళ్ళు ఉబ్బి, ఆయాసపడుతూ సాయంత్రం దాకా బెంచీ మీద పడుంది పాపం. అయినా ఈరప్పను ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ నేనే అన్నాను.

రామదాసు రేడియేటర్ విప్పాడు. మా బోర్ల నీళ్ళు తెలిసినవే కదా, లోపలంతా ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. అంతా గీకించాడు. ఫ్యాను బెల్టు మార్చాడు. మళ్ళీ పోతే మళ్ళీ కాగింది. నేను నా తెలివి ఉపయోగించాను. ఎండాకాలం కుండకు తడి గోనె చుడితే నీళ్ళు చల్లబడటం లేదా? జీపు ముక్కుకు కూడా తడి గోనెపట్టా కట్టించాను. ఆ రోజు ఎప్పుడూ కాగే చోటి కంటే ముందే కాగింది. సువార్తకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. "గాలి పోయే దోవ గూడా మూస్తివి గదక్కా, ముక్కు మూసి పరిగెత్తమంటే ఎట్ల పరిగెత్తుతాది?" అంది. గోనెపట్టా పీకేశాను. తల్లీ, ఇంత తెలిసినదానివి ముందే చెప్పకూడదా అని మనసులో అనుకున్నాను.

ఆ ఆదివారం సువార్త కొడుకు జయచంద్ర మా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మామా, మీ మీద కోపం లేదు. మాయమ్మ వంతు ఇంగోసారి తప్పితే పానం మీదికొస్తాదని డాక్టరు చెప్పినాడు. రేపట్నుంచి కారు మాట్లాడుకుంటా."

ఈరప్ప చేతిలో స్పానరును అటూ ఇటూ తిప్పాడు. "బేస్తవారం ఒక్కతూరి నాకియ్యప్పా. ఆ పొద్దు దోవలో నిలిస్తే, ఇంగ నేనే దీన్ని పాత ఇనుము గుజిరీకి తోలేస్తా."

"గుజిరీ దాకా అన్నా పోతాదా?" అన్నాను నేను. నోరు ఊరుకోదు నాకు.

వాడు నవ్వలేదు. ఆ ముఖం చూసి నేనూ ఆపేశాను. మనుషులను చేర్చాల్సిన చోటికి చేర్చడం తప్ప వాడు ఇంకో పని నేర్చుకోలేదు. ఆ పని పోతే ఏమైపోతాడో తలుచుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మర్నాడు సువార్త కారులో పోయింది. ఈరప్ప వాకిట్లో బానెట్ ఎత్తి నన్ను పిలిచాడు. "అక్కా, నేను ఇంజను రేజు చేస్తా. యాడన్నా నీళ్ళు కారుతాండాయేమో సూడు."

చీర కొంగు నడుముకు దోపి వంగి చూశాను. వాడు లోపల కూర్చుని తొక్కాడు. ఇంజన్ అరిచింది. ఒక్క చుక్క కారలేదు. కానీ కింద ఆ జానెడు పైపు ఉంది చూడండి, అది నా కళ్ళ ముందే లోపలికి నొక్కుకుపోయింది. పళ్ళు లేని ముసలిది చుట్ట పీలిస్తే బుగ్గలు ఎట్లా అంటుకుపోతాయో, అట్లా.

"ఒరేయ్, పైపు చప్పిడైపోతాండాదిరా!"

వాడు కాలు తీసి దిగి వచ్చాడు. పైపు గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

"యాడక్కా? బాగానే ఉండాది గదా. నీ కండ్లకు మబ్బులొచ్చినాయి."

"నా కండ్లకు కాదు, నీ బుర్రకొచ్చినాయి మబ్బులు. నువ్వు తొక్కితే చప్పిడైతాంది, దిగితే ఉబ్బుతాంది."

"నీళ్ళుండే పైపు ఎట్ల చప్పిడైతాది? బోరు ఏస్తే పైపు ఉబ్బల్ల గానీ!"

అప్పుడు అర్థమైంది నాకు. వీడికి ఊహ తెలిసేసరికే మా చేని బావి ఎండిపోయింది. వీడు చూసిందంతా బోర్లే. బోరులో మోటారు అడుగున ఉండి నీళ్ళను పైకి తోస్తుంది. తోసే పైపు ఉబ్బుతుంది. బావి గట్టున ఆయిల్ ఇంజన్ అట్లా కాదు, నీళ్ళను కింది నుంచి పీల్చుకోవాలి. పీల్చే పైపుకు లోపల తీగ చుట్టి ఉంటుంది.

"నాయన ఒకతూరి పీల్చేపక్క పైపు చినిగితే, మెత్తని పైపు కట్టినాడ్రా. అచ్చం నీ మాదిరే, అతికితే సాలనుకోని. ఇంజను అరిసింది, పైపు అంటుకపోయింది, మడికి సుక్క నీళ్ళు పోలేదు. నీ జీపులో ఈ పైపు తోసేదా, పీల్చేదా?"

ఈరప్ప వంగి, ఆక్సిలరేటర్ తీగను చేత్తోనే లాగాడు. ఇంజన్ అరిచింది. పైపు వాడి కళ్ళ ముందే అంటుకుపోయింది. వదిలాడు, ఉబ్బింది. మళ్ళీ లాగాడు. చిన్నపిల్లవాడికి బొమ్మ దొరికినట్టు అదే పని. "ఓ యప్పా!" అన్నాడు చివరికి. మెల్లగా పోతే పీల్పు తక్కువ, పైపు తట్టుకుంటుంది. హైవే మీద ఇంజన్‌లోని నీళ్ళ పంపు గట్టిగా పీలుస్తుంది, పైపు మూసుకుపోతుంది, ఇంజన్‌కు నీళ్ళు అందవు. ఇన్నాళ్ళూ ఇంతే.

రామదాసు లోపల స్ప్రింగు ఉన్న అసలు పైపు తెప్పించి బిగించాడు. "నేనూ బోర్ల కాలపోన్నే గదవ్వా" అని తల గోక్కున్నాడు. వాణ్ణి వదిలేశాను, మంచివాడు.

బేస్తవారం జయచంద్ర కూడా వెనక ఎక్కాడు. హైవే ఎక్కాం. ఈరప్ప లారీని దాటాడు. నేను రోడ్డు చూడలేదు, ముల్లునే చూశాను. సగానికి వచ్చి నిలబడింది. గార్లదిన్నె దాటాం, అక్కడే ఉంది. ఇంకో లారీని దాటాం, అక్కడే ఉంది. సువార్త కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. ప్రార్థన తన కోసమో జీపు కోసమో నేను అడగలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర ఆగాం. మిషను ఇంకా ఖాళీ కూడా కాలేదు, అంత ముందొచ్చాం. ఈరప్ప దిగి తలుపు తీసి పట్టుకున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. జీపు కాగలేదు గానీ వాడు కాగాడు.

సువార్త కొడుకు చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసి, ఆగి వెనక్కి చూసింది.

"ఈరన్నా, సోమారం ఇంత బిరీన పిల్సకొచ్చి కూకోబెట్టొద్దప్పా. రోంత నిదానంగా లేసి వస్తా."

"అట్లేలేమ్మా" అన్నాడు ఈరప్ప. జయచంద్ర కారు మాట ఎత్తలేదు.