చంద్రుడి మీద మోటారు

నరసరావుపేటలో మానసిక వైద్యురాలిగా ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, నా దగ్గరికి వచ్చేవాళ్లు తెలిసినవాళ్లెవరూ చూడటం లేదని నిర్ధారించుకున్నాకే లోపలికి అడుగుపెట్టేవారు. మధ్యమధ్య దొరికిన ఖాళీలో నేను పిల్లలకు కథలు రాసేదాన్ని. గ్రహాల మీద ఊళ్లు, మాట్లాడే యంత్రాలు. పొద్దంతా పెద్దల భయాలు విన్నాక, పదేళ్ల పిల్లలు ఏమేం అడుగుతారో ఊహించుకోవడం హాయిగా ఉండేది.

ఒకరోజు కారంపూడి నుంచి ఒకావిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. కాలిపోయిన మోటార్లు విప్పి, లోపల కొత్త రాగి తీగ చుట్టడం ఆయన పని.

"మూడు నెలల్నుంచీ షాపు తియ్యట్లేదు డాక్టరమ్మా. ఏందయ్యా అంటే గోడకేసి తిరుగుతాడు," అంది ఆవిడ.

తీవ్రమైన కుంగుబాటు. మందులు రాశాను. రెండు వారాలకోసారి వచ్చేవారు. నేను ఏమడిగినా ఆవిడే జవాబు చెప్పేది. ఆయన బల్ల అంచు చూస్తూ కూర్చునేవాడు.

నాలుగోసారి వచ్చినప్పుడు నా కథ కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి. చంద్రుడి మీద ఊరు కట్టుకున్న పిల్లలు, నేల కింది మంచు కరిగించి మోటారుతో నీళ్లు తోడుకునే కథ. నేను ఆవిడతో ఆయన నిద్ర గురించి మాట్లాడుతుంటే, ఆయన మెడ వంచి చదువుతున్నాడు. కాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"ఈ మోటారు కాలిపోద్ది."

ఇద్దరం ఆయన వైపు తిరిగాం. "ఎందుకని?" అన్నాను.

"అక్కడ గాలి లేదని మీరే రాశారు. ఎనకాల ఫ్యాను తిరిగి గాలి తగిల్తేనే మోటారు చల్లబడుద్ది. గాలే లేకపోతే ఆ ఫ్యాను దేన్ని తోలుద్ది?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణంలో నాకు వైద్యం గుర్తు రాలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, "మరి ఏం చేయాలి?" అని అడిగాను.

"బోరులో దించే మోటారు పెట్టండి. చుట్టూ నీళ్లే గదా, అయ్యే చల్లారుస్తయ్."

ఆయన్ను మాట్లాడించింది మందా, మోటారా? మందు పనిచేయడం మొదలుపెట్టే సమయం కూడా అదే. ఎన్నోసార్లు ఆలోచించాను, తేలలేదు.

తర్వాత రెండు నెలలకు షాపు తెరిచాడు. కథలో ఆయన చెప్పింది వాడుకోవచ్చా అని అడిగి, ఒప్పుకున్నాక ఓ ఆదివారం షాపుకు వెళ్లాను. తీగ ఎన్ని చుట్లు చుడతారు, లెక్క తప్పితే ఏమవుతుంది, కాలిన మోటారును వాసనతో పట్టేస్తారా... అడుగుతూనే ఉన్నాను.

"మా పిల్లలు గూడా ఇన్ని అడగలేదు మేడం," అని నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి. కథ పుస్తకంగా వచ్చాక ఒక ప్రతి పంపాను.

రెండేళ్లకు, వానాకాలంలో, ఆయన ఒక్కడే వచ్చాడు.

"మూడు రోజుల్నుంచీ షాపు తాళం తియ్యబుద్ధి కావట్లేదు. ఇంట్లో చెప్తే కంగారుపడుద్ది. ముదిరేదాకా ఎందుకులే అని నేనే వచ్చా."

ఈసారి జవాబులన్నీ తనే చెప్పాడు. మందు మార్చి, వారంలో రమ్మన్నాను. వచ్చేటప్పుడు భార్యనూ తీసుకొచ్చాడు, బస్సులోనే ఆవిడకు విషయమంతా చెప్పేశాడట. నెల తిరిగేసరికి మళ్లీ పనిలో పడ్డాడు.