అమ్మ కొట్టిన పాము

నా చిన్నప్పుడు నేను చెప్పిన ఒక నిజం మా అమ్మను ఇంట్లోంచి పంపించేసేంత పని చేసింది. ఇన్నేళ్ళూ ఈ సంగతి నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పడం లేదు.

మాది ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుకునే ఇల్లు. అప్పుడు నాకు ఏడేళ్ళు, అమ్మ కడుపుతో ఉంది. ఒకరోజు దొడ్డిలో గొర్రెపిల్లల మీదికి తాచుపాము వస్తుంటే అమ్మ కర్ర తీసుకుని ఒక్కటేసింది. అది నడుం విరిగి కంచెలోకి జారిపోయింది. చూసింది నేనొక్కదాన్నే. కడుపుతో ఉన్నది పామును కొడితే బిడ్డకు దోషమంటారు, అవ్వకు చెప్పొద్దంది అమ్మ. సరేనన్నాను.

కాన్పుకు అమ్మ చేజర్ల దగ్గర పుట్టింటికి వెళ్ళింది, వెంట నేనూ వెళ్ళాను. నెలలు నిండాయి, ఆ పైన రెండు వారాలు గడిచాయి, నొప్పులు మాత్రం రాలేదు. ఆ ఊరి మంత్రసానమ్మ అమ్మ మంచం పక్కనే కాపు కాసింది. చివరికి ఎలాగో తమ్ముడు పుట్టాడు. బంగారంలా ఉన్నాడనుకున్నాం. మూడో నెలలో మా ఊరు తిరిగొచ్చేసరికి వాడి పొట్టమీద, కాళ్ళమీద గోధుమరంగు పొలుసులు లేచాయి.

మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, మొదట అది గజ్జి అనుకుంది. గొర్రెలకు గజ్జి వస్తే వేపనూనెలో గంధకం కలిపి పూసేవాళ్ళం. అదే తెచ్చి పసివాడికి పూసింది. పాపం, రెండు రోజులు గుక్కపట్టి ఏడ్చాడు. గొర్రెకూ బిడ్డకూ తేడా లేదా అని ఇప్పుడు కోపమొస్తుంది గానీ, ఆ ఇంట్లో ఉన్న మందు అదొక్కటే. అది పనిచేయకపోయేసరికి అవ్వ అమ్మ మీద పడింది. కడుపుతో ఉండగా ఏం చేశావో చెప్పమని పొద్దస్తమానం అదే గోల. నేను ఊరుకుంటే బాగుండేది. నాకే తెలిసిన సంగతి ఒకటుందన్న గొప్ప నన్ను ఆగనివ్వలేదు. అమ్మ పామును కొట్టిందని అందరి ముందూ చెప్పేశాను.

అంతే. దోషం పోయి బిడ్డ ఒళ్ళు బాగుపడితే రమ్మని, లేకుంటే పుట్టింట్లోనే ఉండమని అవ్వ తీర్పు చెప్పింది. నాయన తల ఎత్తలేదు. అమ్మ తన బట్టలు మూట కట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

తీసుకెళ్ళడానికి మా మేనమామ వచ్చాడు. కబురు విని మంత్రసానమ్మ కూడా వెంట వచ్చింది. మా మామ ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పేవాడు కాదు. ఆమె వాకిట్లో నిలబడి, "చొక్కా తియ్‌రా" అంది. మామ చొక్కా ఇంకా దగ్గరకు లాక్కున్నాడు. "తియ్‌రా, నీ అక్క కాపురం కంటే ఎక్కువా నీ సిగ్గు?" అని గద్దించింది. తీశాడు. వీపంతా తమ్ముడి ఒంటిమీది పొలుసులే.

"వీడు పుట్టినప్పుడూ నొప్పులు రాలా. వీళ్ళమ్మ ఏ పామునూ కొట్టలా. రెండు కాన్పులూ నేనే చేసినాను" అందామె.

"అయితే దోషం మీ పిల్ల పుట్టింటి వంశంలోనే ఉండాది" అంది అవ్వ.

"ఏందమ్మా దోషం? నీ మందలో కళ్ళచుట్టూ నల్లమచ్చల గొర్రెకి అట్టాంటి పిల్లే పుడితే, ఏ పామును తొక్కినావని దాన్ని అడుగుతావా?"

అవ్వ మందవైపు చూసింది. లేచి లోపలికెళ్ళి, వచ్చినవాళ్ళకు మజ్జిగ తెచ్చింది. అమ్మ మూట విప్పింది.

వెళ్ళేముందు మంత్రసానమ్మ నన్ను పక్కకు పిలిచింది. కొడుతుందేమోనని చేతులు వెనక్కి దాచుకున్నాను. కొట్టలేదు. "నువ్వు చూసింది నిజమే పాపా. చూసినదాన్నీ బిడ్డకొచ్చినదాన్నీ కలిపి ముడేసినారే, అది తప్పు" అంది. నా చేతిలో ఆముదం పోసి, రోజూ నువ్వే తమ్ముడికి రాయాలంది. కొన్నేళ్ళు రాశాను. వాడి పొలుసులు నా అరచేతికి అంటుకుని వచ్చేవి.

ఈ మధ్య నా కూతురికి మగబిడ్డ పుట్టాడు. దానికీ నొప్పులు రాలేదు, ఆపరేషన్ చేశారు. నెల తిరిగేసరికి మనవడి ఒంటిమీద అవే పొలుసులు. నెల్లూరులో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో సల్ఫటేజులని కొన్ని ఎంజైములు ఉంటాయట. కొన్ని పదార్థాలకు అంటుకున్న సల్ఫేటును కత్తిరించడం వాటి పని. వాటిలో ఒకటి వీడికి లేదు. అందుకే రాలిపోవాల్సిన పాతచర్మం రాలక పేరుకుంటుంది. కడుపులో మాయకు కూడా ఆ ఎంజైము కావాలి, లేకపోతే నొప్పులు ఆలస్యమవుతాయి. తల్లి దగ్గర్నుంచి మగపిల్లలకు వస్తుంది, తల్లికి పైకేమీ కనపడదు. ఇలాంటివే వేరే ఎంజైములు లేకపోతే ఎముకలైనా మెదడైనా దెబ్బతింటాయట. మాది చాలావరకు చర్మం వరకే ఉంటుందనీ, పూతమందులతో నెట్టుకురావచ్చనీ అంది. చదువురాని మంత్రసానమ్మ రెండు కాన్పుల్లో చూసింది ఇదే కదా అనుకున్నాను.

ఆసుపత్రి బయట వియ్యపురాలు నా కూతుర్ని, గ్రహణంలో బయట తిరిగావా అని అడిగింది. నేను అడ్డుపడి, అది ఏ తప్పూ చేయలేదనీ, నా తమ్ముడికీ మా మామకూ ఇదే ఉందనీ, నా దగ్గర్నుంచే వచ్చిందనీ చెప్పాను. గొప్ప పని చేశాననుకున్నాను. నా కూతురు నావైపు తిరిగి, "ఇంత తెలిసీ నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది.

ఏడేళ్ళప్పుడు చెప్పకూడనిది చెప్పి అమ్మను ఏడిపించాను. ఆ భయంతో జీవితమంతా నోరు మూసుకుని, చెప్పాల్సింది చెప్పక కూతుర్ని ఏడిపించాను.

ఇప్పుడు రోజూ పొద్దున మనవడికి డాక్టరమ్మ ఇచ్చిన మందు నేనే పూస్తున్నాను. వాడి అక్క, ఐదేళ్ళది, పక్కన కూర్చుని అవన్నీ ఏమిటవ్వా అని అడుగుతుంది. దాని చేతిలోనూ కాస్త మందు పోసి, తమ్ముడి కాళ్ళకు రాయమన్నాను. ఇది ఎవరి తప్పూ కాదని, నా నుంచి మీ అమ్మకు వచ్చిందని, నీ దగ్గరా ఉండొచ్చని మొదలుపెట్టాను. దానికి సగమే అర్థమైంది. రేపు మళ్ళీ చెబుతాను.