రెండో ట్రిప్పు

బస్సు డిపోలో బ్రేకులు బాగుచేసే ఆ మనిషికి శౌర్య పతకం ఉందని డిపోలో పిల్లికీ కుక్కకీ కూడా తెలుసు. తనకు తానుగా అతను ఎవరికీ చెప్పుకోలేదు. యుద్ధంలో అంబులెన్సు నడిపేవాడు. పైనుంచి ఫిరంగి గుండ్లు పడుతుంటే పదకొండుమంది క్షతగాత్రుల్ని వంతెన దాటించి ఇవతలికి చేర్చాడు. పతకం అందుకే వచ్చింది.

చెప్పుకునేదంతా అక్కే. ఆమె భర్త కూడా అదే పటాలంలో ఉండేవాడు. సరిగ్గా ఆ రోజే కనిపించకుండా పోయాడు. శవం దొరకలేదు కాబట్టి ఆచూకీ లేదని రాసి ఊరుకున్నారు. చనిపోయినట్టు కాగితం చేతికి రావడానికి ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లూ ఆమె ముత్తైదువో కాదో చెప్పగలిగినవాడు లేడు. స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా, "మా తమ్ముడు పదకొండు కొంపలు నిలబెట్టాడు" అనేది. ఆ మాట వినపడగానే అతను లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాడు.

యుద్ధమైన ఇరవై రెండేళ్లకి డిపోవాళ్లు సన్మానం తలపెట్టారు. ముఖ్య అతిథి ఆ పటాలంలో అప్పటి కెప్టెన్. చాలా పెద్ద హోదాలో రిటైరయ్యాడు.

"ఆ రోజు ఈయన పక్క సీట్లో కూర్చున్నవాణ్ని నేనే. చేతికి దెబ్బ తగిలింది. ఈ పతకానికి సిఫారసు రాసిందీ ఈ చేత్తోనే" అన్నాడు మైకులో. హాలంతా చప్పట్లు. అక్క చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంది కానీ తొక్కలేదు.

"ఏరా, చేతికి దెబ్బ తగిలినవాడు నడవలేడా?"

చొక్కా గుండీ మీద అతని వేళ్లు ఆగిపోయాయి. "నడవగలడు."

"మరి బండెందుకెక్కాడు?"

"ఆఫీసరు కదక్కా. ఎక్కుతానన్నాడు."

"ఆ సీట్లో అంతకుముందు ఎవరున్నారు?"

అబద్ధమాడదామనే నోరు తెరిచాడు. నిజమే బయటికొచ్చింది. "బావ."

ఇక ఆపలేకపోయాడు. బావ తొడలో తూటా దిగింది. తలుపు వేస్తుండగా కెప్టెన్ వచ్చి, ఇతన్ని రెండో ట్రిప్పులో తెద్దువు, ముందు దించు అన్నాడు. బావ చంకల కింద చేతులు పెట్టి తనే దించాడు. గోడకి ఆనించి కూర్చోబెట్టాడు. 'పోయిరా బామ్మర్దీ, ఈ కాలితో నేనెక్కడికి పారిపోతానులే' అని బావ నవ్వాడు. ఇవతలికొచ్చి అందర్నీ దించి, బండి వెనక్కి తిప్పేసరికి శత్రువులు దగ్గరపడ్డారని వంతెన పేల్చెయ్యమన్నాడు కెప్టెన్. పేల్చేశారు.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. ఆర్నెల్లు తిరక్కుండా పతకం వచ్చింది. ఇంకేమంటాను?"

"స్పృహలోనే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"మంచినీళ్లన్నా ఇచ్చావా?"

"సీసా ఒళ్లో పెట్టి వచ్చానక్కా."

ఆమె ఏడవలేదు. కాగితం, పెన్నూ తెచ్చి అతని ముందు పెట్టింది. "నాకు చెప్పిందంతా రాయి. సంతకం పెట్టు."

రాశాడు. పతకం కూడా జతచేసి సైనిక కార్యాలయానికి పంపాడు. మూడు నెలలకు జవాబొచ్చింది. నాటి అధికారి వాంగ్మూలం రికార్డులో ఉంది కాబట్టి మార్చడానికేమీ లేదట. పతకాలు వెనక్కి తీసుకునే నిబంధన కూడా లేదట. పాపం, పతకానికి మెరుగు పెట్టించి, మెత్తటి గుడ్డలో చుట్టి మరీ తిప్పి పంపారు.

ఆ వారంలోనే అక్క స్కూలు వెనక ఒక గది అద్దెకు తీసుకుంది. మిషను అతనే మోసుకెళ్లి దించాడు. ఆదివారం ఆదివారం వెళ్లి దానికి నూనె వేసి వస్తాడు. ఆమె టీ ఇస్తుంది. దారం నాణ్యత గురించి, పిల్లల కొలతలు ఏటా పెరగడం గురించి మాట్లాడుతుంది. ఒక్కసారైనా నోరారా తిడితే బాగుండునని అతను ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఆమె తిట్టదు.