మాస్టారి రొదపెట్టె

మా సైన్సు మాస్టారు పోయారని మొన్న గురజాల నుంచి కార్డు వచ్చింది. ఏడుపు రాలేదు. ఎవరైనా ఏడిస్తే ముందు కారణం అడిగే మనిషి ఆయన. కానీ ఆ పూట నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

అరవైల్లో నేను ఆయన పనిచేసే హైస్కూల్లోనే కొత్త తెలుగు టీచర్ని. ఆయన ఇంట్లోనే ముందుగది అద్దెకు తీసుకున్నాను. పాత రేడియో వాల్వులతో ఆయన ఒక పెట్టె తయారు చేశారు. స్విచ్చి వేస్తే కందిరీగల తుట్టె కదిపినట్టు రొద. ఒక నాబు తిప్పితే అందులోని సన్నని కూతలన్నీ రాలిపోయి పిల్లనగ్రోవిలా, ఇంకా తిప్పితే శంఖంలా మోగేది. రెండో నాబు శబ్దం లేచే తీరుకి. గబుక్కున లేపి ఆపితే డప్పు దెబ్బ, మెల్లగా లేపితే దూరాన సన్నాయి.

"కొత్తగా కలిపేదేం లేదు టీచరమ్మా. అన్నీ ఉన్న రొద పుట్టించి, వద్దనుకున్నవి తీసెయ్యటమే" అనేవారు.

వాళ్లమ్మగారికి చెవుడు, ఆయనకి ఓపిక తక్కువ. "ఏందమ్మా, చెప్పింది ఒక్కటీ వినవు" అని రోజూ అరిచేవారు. ఆమె మాట్లాడటమే మానేసింది. ఒక ఆదివారం పెట్టె ఆమె పక్కన పెట్టి, నాబు తిప్పుతూ "మారిందా?" అని సైగ చేశారు. ఆమె అడ్డంగా తల ఊపింది. మాకు కందిరీగలు పోయి శంఖం వచ్చేసింది. ఆమెకు మొదట్నుంచీ శంఖమే. నాబు అక్కడే ఉంచి, మాస్టారు రేడియో వార్తల్ని ఆ పెట్టెలోంచి పంపించారు. మాకు గొంతు వినబడింది గానీ ఒక్క మాటా తెలియలేదు.

ఆయన స్విచ్చి ఆపేశారు. "అరిస్తే శంఖం పెద్దదవుద్ది, అంతే. ఇన్నేళ్లూ నేను చేసింది అదే" అన్నారు.

మర్నాడు మీసం తీసేసి బడికొచ్చారు. పై పెదవిని కప్పేసే ఒత్తు మీసం అది. మా వైపు తల్లో తండ్రో పోతే తప్ప మగవాడు మీసం తీయడు. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి, "అమ్మగారు ఎప్పుడు పోయారండీ?" అన్నారు.

"ఇంట్లోనే ఉందండీ. నా పెదాలు ఆమెకి కనపడాలిగదా."

ఆ తర్వాత నేనెప్పుడూ బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పలేదు. అదీ ఆయన చలవే.

మీసం తీసిన రోజు సాయంత్రానికే పలకరింపులకు జనం వచ్చేశారు. వసారాలో ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆయన నింపాదిగా అడుగుతున్నారు, "అన్నం తిన్నావా అమ్మా?" అని. ఆమె ఆయన పెదాలకేసి చూస్తూ తన పెదాలు కూడా కదిపింది. తర్వాత గుమ్మంలో తలలు వంచుకుని నిలబడ్డవాళ్ల వైపు తిరిగింది.

"నేనేం పోలేదు. మావాడు మాట్లాడుతుండాడు, మీరు కాస్త ఆగండి."